తీసుకునేటప్పుడు ఊరిది, అమ్ముకునేటప్పుడు మాది

అమ్మలక్కలు బతుకమ్మ ఆడుతూ పాడుకున్న పాటను ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెడితే 'ఈ పాట మాది' అంటూ కాపీరైట్ క్లెయిమ్ వచ్చి పడుతోంది. వాళ్లకు ఆ పాట నేర్పింది అమ్మమ్మలు. క్లెయిమ్ వేసేది మాత్రం, మొన్ననే దానికి డీజే బీటు తగిలించిన ఆడియో కంపెనీ. పాటలను పోల్చి చూసే మెషిన్ పొరపాటని సరిపెట్టుకోమంటున్నారు. మేము సరిపెట్టుకోలేం.

పైరసీతో నష్టపోతున్నామని సినిమావాళ్లు మొత్తుకోవడంలో న్యాయముంది, కాదనం. కానీ ఫిల్మ్‌నగర్‌లో మైకుల ముందు 'దొంగతనం' అని గొంతు చించుకునే ఇదే పరిశ్రమ, పల్లె పాట పల్లవి ఎత్తుకొచ్చి నాలుగు లైన్లు మార్చేటప్పుడు 'జానపదం కదా, ఎవరిదీ కాదు' అంటుంది. సరే, ఎవరిదీ కాదనే అనుకుందాం. మరి రికార్డింగ్ అయిన మర్నాటికల్లా 'మాది' ఎలా అయింది?

1957 నాటి కాపీరైట్ చట్టం కొత్తగా చేర్చిన మాటలకు, సంగీతానికి, ఆ రికార్డింగుకు హక్కు ఇస్తుంది. తరాల నాటి బాణీకి ఇవ్వదు. 2012 సవరణతో సినిమా కవులు, సంగీత దర్శకులు తమ రాయల్టీని ఎవరూ రాయించుకోలేని హక్కుగా సాధించుకున్నారు. మంచిదే. పాడిన గొంతుకూ 50 ఏళ్ల హక్కు ఉందని ఆ చట్టమే చెబుతోంది. బస్సు చార్జీ చేతిలో పెట్టి కాగితం మీద సంతకం తీసుకునే చోట ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

మన హలీంకు 2010లోనే జీఐ, అంటే ఫలానా ప్రాంతానిదేనన్న గుర్తింపు వచ్చింది. అది సరుకులకే, పాటకు కాదు. పసుపుతో గాయాలు మాన్పడం మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటును 1997లో రద్దు చేయించగలిగామంటే పాత గ్రంథాలు, 1953 నాటి వైద్య పత్రిక వ్యాసం చూపించబట్టే. పల్లె పాటకు ఆధారం ఏముంది, అవ్వ గొంతు తప్ప? ఆమె పోతే మిగిలేది కంపెనీ హార్డ్‌డిస్కు. 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసిన ప్రభుత్వమే ఊరూరా పాటలను పాడినవాళ్ల పేరు, తేదీతో రికార్డు చేసి అందరికీ అందుబాటులో పెట్టాలి.

పైరసీ మీద ఇంకో ప్రెస్‌మీట్ పెట్టే ముందు నిర్మాతలు, ఆడియో కంపెనీలు జానపదాల మీద వేసిన క్లెయిములు వెనక్కి తీసుకోవాలి. ఎవరిదీ కాని పాటకు యజమానులయ్యే తెలివి ఉన్నవాళ్లకు, టైటిల్స్‌లో ఆ అవ్వ పేరు, ఊరి పేరు వేయడం కష్టమా? క్యాటరింగ్ వాళ్ల పేరు కూడా వేస్తున్నారుగా!