చి.ల.సౌ. శుభలేఖకు

విజయవాడ, గవర్నర్‌పేట నుంచి ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అంతా క్షేమం. ఆషాఢం కదా, పెళ్లిళ్లు లేవు. ప్రెస్సులో బిల్లు బుక్కులూ విజిటింగ్ కార్డులూ తప్ప పని లేదు. పదిహేడేళ్లుగా నీ మీద ఊరందరి పేర్లూ కూర్చిన చేత్తో, ఈ తీరికలో నీకే ఒక ఉత్తరం రాద్దామనిపించింది.

సంబోధన దగ్గరే ఇరుక్కున్నాను. నీకు పెళ్లయిందో లేదో తెలియదు మరి. మగవాడివైతే ఈ తిప్పలు లేవు. బారసాల నాటి 'చి.' పెళ్లిపీటల దాకా వస్తుంది. ముప్పై ఎనిమిదేళ్లొచ్చి, జుట్టుకు రంగేసుకుని, ప్రూఫ్ చూసుకోవడానికి వచ్చిన పెళ్లికొడుకు కూడా నీ దగ్గర చిరంజీవే. తర్వాత 'శ్రీ'. భార్య ఉన్నా శ్రీయే, పోయినా శ్రీయే. ఆఖర్న ఒకసారి 'కీ.శే.', అంతటితో సరి. ఆడదానిది ప్యాసింజర్ బండి, ప్రతి స్టేషన్లోనూ ఆగాలి. కుమారి, చి.ల.సౌ., శ్రీమతి. భర్త పోతే పాతకాలం ఉత్తరాల్లో 'గం.భా.', అంటే గంగా భాగీరథీ సమానురాలు. బొట్టు తీసేశామని చెప్పడానికి మనవాళ్లకు అన్ని నీళ్లు కావలసొచ్చాయి. నీకు మధ్య స్టేషన్ టికెట్టు ఇచ్చాను, సర్దుకో.

కస్టమర్ కాగితం మీద రాసి తెచ్చేదాన్ని మేం 'మేటర్' అంటాం. అసలు మేటర్ ఎక్కడుందో నాకిప్పుడు ఒక్క చూపులో తెలిసిపోతుంది. 'ఏకైక కుమారుడు' అని ఉంటే ఆస్తిలో వాటాదారులు లేరని. ఒకసారి అలా రాసిచ్చిన పెద్దమనిషి వెంట ముగ్గురు ఆడపిల్లలు వచ్చి, చల్లగా ఏసీ కింద కూర్చుని, తమ్ముడికి కార్డు డిజైన్ సెలెక్ట్ చేశారు. వాళ్లలో ఒకామె "లేతాకుపచ్చ బాగుంటుంది నాన్నా" అంది. ఏకైక కుమారుడు ఫోన్లో ఉన్నాడు.

ఉద్యోగాల సంగతి ఇంకోటి. గుణదల నుంచి ఒకాయన వచ్చి కొడుకు పేరు కింద 'హెల్త్‌కేర్ ప్రొఫెషనల్' అని వేయమన్నారు. స్పెల్లింగ్ అడిగితే తడుముకున్నారు. రెండ్రోజుల తర్వాత ఆ అబ్బాయే డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా జేబుకు రెండు పెన్నులు, ఒక కత్తెర. "యాభై కార్డులు విడిగా వేస్తారాండీ, నా ఫ్రెండ్స్‌కి? స్టాఫ్ నర్స్ అని ఉండాలి" అన్నాడు. వేశాం. ఒకే పెళ్లికి, ఒకే ముహూర్తానికి ఇద్దరు పెళ్లికొడుకులు. విడి ప్లేటు కాబట్టి ఖర్చు ఎక్కువయింది. ఆ ఖర్చు అతనే పెట్టుకున్నాడు.

ఒక పెళ్లికూతురికి పీహెచ్.డి. ఉంది. మగపెళ్లివారు ప్రూఫ్ చూసి ఫోన్ చేశారు.

"అమ్మాయి పేరు కింద రెండు లైన్లు, మావాడి కింద ఒకటీ వచ్చిందమ్మా. బ్యాలెన్స్ తప్పింది."

"డిజైనే కదండీ, స్పేస్ సర్దేస్తాను."

"స్పేస్ కాదమ్మా."

కొంచెం సేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆరేళ్ల పరిశోధన మీద బ్యాక్‌స్పేస్ నొక్కాను. కీబోర్డుకు పాపం, తప్పు చేశానన్న ఫీలింగ్ ఉండదు.

నీకు ఇంటిపేర్లంటే ఎంత ఇష్టమో తెలుసు. ఇంటిపేరు కనిపిస్తే కులం వాసన పట్టేవాళ్లే నీ పాఠకులు. ఆ వాసన లేకుండా పేర్లు పెట్టిన ఇల్లు ఇదే ఊళ్లో ఉంది. గోపరాజు రామచంద్రరావు గారు తన పేరును రెండక్షరాలకు కత్తిరించి గోరా అయ్యారు. ఆయనా, సరస్వతి గారూ 1947లో నాస్తిక కేంద్రాన్ని ముదునూరు నుంచి పటమటకు తెచ్చారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుకు లవణం, తొమ్మిదో సంతానం నౌ. పెద్దమ్మాయి మనోరమ 1948లో సేవాగ్రామ్‌లో అర్జునరావు అనే దళిత యువకుడిని పెళ్లాడింది. 'లవణం' అని వింటే ఏ వియ్యపురాలు మాత్రం ఏం పసిగడుతుంది చెప్పు? బెంజి సర్కిల్ మీదుగా కార్డుల బండిల్ పట్టుకుని ఆటోలో వెళ్లేటప్పుడు ఆ పేర్లు గుర్తొస్తాయి. ఒళ్లో ఉన్న బండిల్లో మాత్రం ఇంటిపేర్లే పద్నాలుగు.

అసలు చెప్పాలనుకున్నది సింగ్‌నగర్ నుంచి వచ్చిన ఒకావిడ గురించి. బట్టలు కుడుతుంది. భర్త పోయి తొమ్మిదేళ్లు. కూతురి పెళ్లి. చవకలో అయిదు వందల కార్డులు బేరమాడి, అడ్వాన్సు ఇచ్చి, ప్రూఫ్‌కు తనే వచ్చింది. బ్లౌజు కొలత చూసినట్టు ఒక్కో లైను కింద వేలు పెట్టి చదివింది. 'కీ.శే. ఫలానా గారి కుమార్తె' దాకా బాగానే ఉంది. కింద 'ఆహ్వానించువారు' దగ్గర మరిది పేరు, తోడికోడలి పేరు. అంతలో ఆ మరిదే ఫోన్ చేశాడు. తన పేరు పక్కన 'గారు' లేదట. ఫోన్ స్పీకర్లో పెట్టకపోయినా షాపంతా వినపడింది. ఆవిడ చేయి అడ్డం పెట్టుకుని, "అట్టాగేనయ్యా, వేయిస్తా" అంది. ఫోన్ పెట్టేసి నాతో, "కన్యాదానానికి పీటల మీద వాళ్లే కూర్చోవాలమ్మా. కోపం తెప్పించకూడదు" అంది.

'గారు' చేర్చాను. చేర్చి, "మరి మీ పేరు ఎక్కడ వేయమంటారండీ?" అన్నాను.

"ఉందిగా" అని భర్త పేరు మీద వేలు పెట్టింది.

డబ్బులు ఒక పాలిథిన్ కవర్లోంచి తీసింది. నోట్లతోపాటు బియ్యం కార్డు జిరాక్స్ బయటికొచ్చి టేబుల్ మీద పడింది. అందులో కుటుంబ పెద్దగా ఉన్నది ఆవిడే. 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టం ప్రకారం ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లలో అందరికంటే పెద్దావిడే ఆ కార్డుకు కుటుంబ పెద్ద. డిపోలో సంచి పట్టుకున్నప్పుడు పెద్ద. అదే బియ్యానికి పసుపు కలిపి అక్షింతలు చేస్తే మరిది పెద్ద.

నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? నీ నెత్తిన అచ్చయ్యే శ్లోకం 'జానక్యాః' అని అమ్మవారితోనే మొదలవుతుంది. అచ్చయ్యాక నీ మొదటి కాపీని నాలుగు మూలలా పసుపు రాసి ఇంద్రకీలాద్రి ఎక్కిస్తారు. ఆ కొండ మీది దేవస్థానం పేరు శ్రీ దుర్గామల్లేశ్వర స్వామివార్లది. అక్కడా భార్య పేరే ముందు, ఊళ్లో జనమైతే మల్లేశ్వరుణ్ణి వదిలేసి దుర్గమ్మ గుడి అనే అంటారు. ఆ ఇద్దరికీ ఉన్న వీలు మూడో ఆడదానికి నీ మీద దొరకలేదు.

నా శుభలేఖ కూడా నేనే కంపోజ్ చేసుకున్నాను. ఒక ఆదివారం, షట్టరు సగం దించి. నాన్న ఇచ్చిన మేటర్లో నా పేరు కింద 'బి.కామ్.' ఒక్కటే ఉంది. "అమ్మాయి ఇంట్లోనే ఉంటుందని వాళ్లతో చెప్పాం" అన్నారు. సరే అన్నాను. వరుడి పేరు కింద 'బిజినెస్' అని వాళ్లు పంపారు, అదీ కొట్టాను. మా ఓనరు బిల్లులో కొంత తగ్గించి, పక్కన 'స్టాఫ్' అని రాశారు. అంటే, నేను పనిచేస్తున్నానని నా పెళ్లిలో రాసి ఉన్నది ఆ బిల్లు మీద మాత్రమే. ఇప్పటికీ దాచుకున్నాను. పెళ్లయిన పది రోజులకు నేను పనిచేసే ప్రెస్సు ఆయనా, ఆయన జీతానికి కూర్చునే సెల్‌ఫోన్ కొట్టు నేనూ చూసుకున్నాం. ఆయన మొహం చూసి నాకు నవ్వాగలేదు, నా మొహం చూసి ఆయనకీ అంతే. మావగారు మాత్రం ఇప్పటికీ ఊళ్లో "కోడలు కంప్యూటర్స్‌లో" అనే చెబుతారు. అబద్ధం కాదులే.

శ్రావణానికి ఒక ఆర్డరు వచ్చి ఉంది. ఆ పెళ్లికూతురు తెచ్చిన మేటర్ నాలుగే లైన్లు: రెండు పేర్లు, తేదీ, హాలు. చి. లేదు, డిగ్రీల్లేవు, ఎవరి పుత్రికో లేదు. పేర్లు ముప్పై ఆరు పాయింట్ల పెద్దక్షరాల్లో వేస్తే ఎంత హాయిగా ఉన్నాయో. తర్వాత వాళ్ల నాన్న ఫోన్లు మొదలయ్యాయి. ఇప్పుడు నడుస్తున్నది అయిదో ప్రూఫ్. పేర్లు ముప్పై ఒకటి. వధూవరులు ఇరవై పాయింట్లకు దిగారు. పిల్ల తన పేరు ముందున్న 'చి.ల.సౌ.'ని పెన్సిల్‌తో కొట్టేసింది. తండ్రి దాని పక్కనే ఎర్ర పెన్నుతో 'ఉండాలి' అని రాశాడు. ఓకే ప్రూఫ్ మీద ఎవరి సంతకం పడితే వాళ్ల మాటే అచ్చవుతుంది. సాయంత్రం ఏడింటికి ఇద్దరూ వస్తామన్నారు.

ఇట్లు,
డీటీపీ

తా.క.: జవాబు రాయాలనుంటే నీ అడుగున ఆరు పాయింట్లలో మా ప్రెస్ ఫోన్ నంబరు ఉంటుంది. ఫోన్ చేసి "ప్రెస్ అమ్మాయి ఉందా" అని అడుగు, పిలుస్తారు. నాకు నలభై రెండేళ్లు.