ముందు కోత, తర్వాత రోగం పేరా?

మెడ మీద గడ్డతో ఆదోని వైపు నుంచి కర్నూలుకు వచ్చిన ఒక మహిళకు ఓ ప్రైవేటు ఆస్పత్రిలో ముందు ఆపరేషన్ చేసేశారు. తీసిన ముక్క ల్యాబ్‌కు వెళ్లాక గానీ అది మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అని తేలలేదు. సగం గ్రంథి లోపలే ఉండిపోయింది. ఇప్పుడామె రెండో ఆపరేషన్ కోసం హైదరాబాద్ బస్సెక్కాలి. రోగమేదో తెలియకుండా కోయడం ఏ వైద్యం?

థైరాయిడ్ గడ్డల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివేనని, పరీక్షలంటూ తిప్పితే పేదలు మళ్లీ రారని డాక్టర్లు అంటున్నారు. కావచ్చు. కానీ మెడకు స్కానింగ్ తీసి, సన్న సూదితో కాసిన్ని కణాలు లాగడం ఓపీలోనే అయిపోయే పని. అనుమానం వస్తే ఈ క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరిగే కాల్సిటోనిన్ అనే హార్మోన్‌ను చూస్తే సరిపోతుంది. అది కూడా చేయకుండా కోసేశారు.

థైరాయిడ్ క్యాన్సర్లలో ఈ మెడుల్లరీ రకం నూటికి 3 నుంచి 5 మాత్రమే. థైరాయిడ్‌లో ఇది పుట్టే సి-కణాలు అయోడిన్‌ను పీల్చుకోవు, అందుకే మిగతా థైరాయిడ్ క్యాన్సర్లకు ఇచ్చే రేడియో అయోడిన్ మందు దీనిపై పనిచేయదు. మామూలు కీమోకూ పెద్దగా లొంగదు. గ్రంథి మొత్తాన్నీ, దాని చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులనూ మొదటి ఆపరేషన్‌లోనే తీసేయాలి. ఆ అవకాశం తొందరపాటుకు బలైంది. పైగా వారసత్వంగా వచ్చిన వారిలో కొందరికి మూత్రపిండం మీదుండే అడ్రినల్ గ్రంథిలోనూ కణితి ఉంటుంది. అది చూడకుండా మత్తిస్తే బీపీ ఒక్కసారిగా పెరిగి ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం పోవచ్చు. రోగం పేరు తెలియకుండా కోసినవారు ఇదంతా చూసి ఉంటారా?

ఆమె డిశ్చార్జి కాగితంలో పూటకో మాత్ర, ‘వారం తర్వాత కుట్లు చూపించుకోండి’ అన్న ముక్క ఉన్నాయి. పిల్లల సంగతి లేదు. ఈ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మందికి ఇది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగగల ‘రెట్’ అనే జన్యువు లోపం వల్ల వస్తుందని 1993 నుంచీ తెలుసు. లోపం ఉందని ముందే తెలిస్తే, రోగం ముదరకముందే గ్రంథి తీసి పిల్లల్ని కాపాడొచ్చు. ఆ మాట తల్లికి చెప్పాలని ఒక్కరికీ తోచలేదు.

ఎన్టీఆర్ వైద్య సేవ అధికారులు కూడా మేలుకోవాలి. సూది పరీక్ష రిపోర్టు లేనిదే థైరాయిడ్ ఆపరేషన్‌కు అనుమతి ఇవ్వకూడదు. కాల్సిటోనిన్, జన్యు పరీక్షలు కర్నూలు పెద్దాసుపత్రి నుంచే ఉచితంగా జరగాలి. ముందు కోసి తర్వాత చూద్దామనే ఆస్పత్రులకు బిల్లులు ఆపండి. ఆమె రక్తం వెంటనే రెట్ పరీక్షకు పంపించండి, లోపం తేలితే పిల్లలకూ చేయించండి. ఆ ఖర్చు తొందరపడి కోసిన ఆస్పత్రే పెట్టుకోవాలి.