మహారాజశ్రీ ఈసీయం (కారు ఇంజన్‌ని ఏలే కంప్యూటర్) గారి సముఖమునకు

అయ్యా,

పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసి తమరికి చెప్పే కొత్త ఆక్సిజన్ సెన్సార్ తమరి కొలువులో చేరింది. 22 ఎంఎం కోత సాకెట్‌తో పాతదాన్ని పీకారు. కొత్తదాని కొసకి గ్రీజు, సిలికాన్ అంటనివ్వలేదు. మరకి కంపెనీవాడు పూసిన పేస్టు చెరపలేదు. 40 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించి ఆపారు. పాపం అదీ బుద్ధిగా 0.1కీ 0.9 వోల్టుకీ మధ్య గంతులేస్తోంది. దాని ఉద్యోగమే అది. మరి ఏసీ వేయగానే సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవడమేమిటండీ? వెనక ఆర్టీసీ బస్సు హారన్ తమరికి వినపడదు, చెవి సెన్సార్ లేదు కాబట్టి.

పాత సెన్సార్ పోతూ పోతూ 0.1 దగ్గర కూలబడి "పెట్రోలు చాలట్లేదు" అని అబద్ధమాడింది. తమరు నమ్మారు. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌ని, అంటే పెట్రోలు ఎంత ఎక్కువతక్కువ పోయాలో తమరు రాసి పెట్టుకునే దిద్దుబాటుని, ప్లస్ 20 శాతం దాటించారు. సైలెన్సర్ నల్లపొగ కక్కుతుంటే పీ0171, అంటే గాలి ఎక్కువై పెట్రోలు మిశ్రమం పలచన, అని కోడ్ రాసి చెక్ లైట్ వెలిగించారు. సరే, సెన్సార్ మార్చాం. అయినా పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే, సెన్సార్ వేడెక్కేదాకా దాని మాట వినరు గానీ, అబద్ధం విని రాసుకున్న ఆ ప్లస్ 20 మాత్రం పోస్తూనే ఉంటారు. గ్యారేజీ అంతా పెట్రోలు కంపు. నడపగా నడపగా తమరే దిద్దుకుంటారట. ఎప్పటికి? అంతదాకా మైలేజీ ఎవరిస్తారు?

అందుకే బ్యాటరీ నెగటివ్ పీకి పావుగంట పక్కన పెట్టాం. చెరపమన్నది ఒక్క ట్రిమ్. తమరు ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టు థ్రాటిల్ లెక్క, అంటే ఇంజన్‌లోకి గాలి వదిలే రేకు ఎంత తెరవాలన్న లెక్క, కూడా తగలేశారు. థ్రాటిల్ రేకు అంచున మసి పేరుకునే కొద్దీ గాలి తగ్గుతుంది కాబట్టి, ఏళ్లపాటు కొంచెం కొంచెం ఎక్కువ తెరవడం తమరే నేర్చుకున్నారు. అది మరిచి ఫ్యాక్టరీలో రాసిన కొలతకి వెళ్లిపోయారు. మసి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఫలితం: ఐడ్లింగ్ (పెడల్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) నిమిషానికి 500 చుట్లకి జారడం, వణకడం, ఆగడం. పోనీ క్లీనర్ కొట్టి మసి కడిగేసి, నేర్చుకున్న లెక్క అలాగే ఉంచితే? అప్పుడు గాలెక్కువై 1,300 దగ్గర అరుస్తారు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా రేకుని వేలితో నెట్టామా, లోపలి ప్లాస్టిక్ పళ్లు అరిగి మొత్తం థ్రాటిల్ బాడీకే ఎసరు.

ఇక అసలు సంగతి. ఐడ్లింగ్ మళ్లీ నేర్పాలంటే తమరితో మాట్లాడే స్కానర్ యంత్రం కావాలి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్లో పెట్టే బ్లూటూత్ డాంగిల్ కోడ్ చదువుతుంది, చెరుపుతుంది, నేర్పడం మాత్రం చాలావాటికి చేతకాదు. స్కానర్ లేనివాళ్లకి యాక్సిలరేటర్ పెడల్ పూజ. తమరి నిస్సాన్ చుట్టాల విధానం చూడండి: ఇంజన్ వేడి 70 నుంచి 100 డిగ్రీల మధ్య, బ్యాటరీ 12.9 వోల్టుల పైన, ఏసీ, లైట్లు బంద్, స్టీరింగ్ తిన్నగా. ఆపి 10 సెకన్లు. ఇగ్నిషన్ ఆన్, 3 సెకన్లు. 5 సెకన్లలో ఐదుసార్లు పెడల్ పూర్తిగా తొక్కి వదలాలి. 7 సెకన్లు ఆగాలి. మళ్లీ పూర్తిగా తొక్కి, చెక్ లైట్ మిణుకుమిణుకు మాని నిలకడగా వెలిగేదాకా, సుమారు 20 సెకన్లు, నొక్కిపట్టాలి. వెలిగిన 3 సెకన్లలోపు వదిలి స్టార్ట్ చేసి ఇంకో 20 సెకన్లు ముట్టుకోకూడదు.

ఒక్క సెకను తేడా వస్తే? ఏమీ చెప్పవు. తప్పయిందనీ చెప్పవు, ఎక్కడ తప్పిందో అసలే చెప్పవు. సీటు బెల్టు పెట్టకపోతే ఊరంతా వినేలా కుయ్ కుయ్‌మనే నోరు కదా నీది! మధ్యలో రేడియేటర్ ఫ్యాన్ తిరిగినా చాలు, ఆ లోడుకి పాఠం చెడుతుంది, మళ్లీ మొదటికి. ఈ మాత్రానికి స్క్రీన్ మీద "నేర్చుకో" అని ఒక బటన్ పెట్టడానికి ఏం రోగం? పాటల ఈక్వలైజర్‌కి తొమ్మిది గీతలు పెట్టారు. సెన్సార్ మా డబ్బుతో కొన్నాం, బండి మాది, లెక్క నువ్వు మరిచావు, తొక్కేది మేమా?

బ్యాటరీ పీకడంతో చెరిగిపోయిన మానిటర్ల (పొగని అదుపు చేసే భాగాలు బాగున్నాయా అని నువ్వు చేసుకునే పరీక్షల) గొడవ వేరే. అవి పూర్తి కావాలంటే ఆగకుండా ఒకే స్పీడులో కాసేపు నడపాలట. హైదరాబాద్‌లో అలాంటి చోటు ఔటర్ రింగ్ రోడ్డే, దానికి టోల్. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ల పాట్లు ఇంకా ఘోరం: 2000 మోడల్ నుంచి పెట్రోలు కార్లకి పెట్రోలు ఆవిరి మానిటర్ తప్ప మిగతావన్నీ పూర్తవకపోతే స్మాగ్ (బండి కాలుష్యం) పరీక్షలో ఫెయిల్.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. పాఠం ఒంటబట్టాక, ఏసీ నొక్కితే కంప్రెసర్ పట్టుకునే ముందే రేసు కాస్త లేపి, కుదుపు తెలియనివ్వకుండా నిలబెడతావు చూడు, కార్బురేటర్ స్క్రూలు తిప్పినవాళ్లకి తెలుసు ఆ విలువ. అందుకే నిన్ను పీకి చెత్తలో వేయలేదు.

ఇట్లు,
కుడికాలు తిమ్మిరెక్కిన యజమాని

తా.క.: ఫ్యాన్ ఇప్పుడే ఆగింది. మళ్లీ తొక్కుతున్నా, ఈసారైనా లెక్కపెట్టు.