రిజెక్ట్ దొరకు ఒక దండం

రిజెక్ట్ దొరా,

మా నల్లగొండ దిక్కు నువ్వు ఎదురుపడని దినం లేదు. ఈ యాసంగిల వడ్ల కొనుగోలు కేంద్రం కాడనే నిన్ను మూడుసార్లు జూసిన. తేమ మిషన్ల గుప్పెడు గింజలు పోస్తరు. 17 శాతం దాటిందా, నువ్వు దిగుతవ్. ఆరు దినాలు ఆరబోసి, పరదా కప్పి, పరదా తీసి 16కు తెచ్చిన. కాంట పెట్టే నాడే వాన. మిషన్ల మళ్ల 19. కడుపుల మంట లేసింది గని, లెక్క జూపిచ్చి ఎల్లగొట్టినవ్. అది మర్యాదే.

నా కోపం నీ పేరెత్తకుంట నీ పని చేసెటోళ్ల మీద. మా తమ్మునికి సంబంధాలు చూస్తున్నం. పిల్ల తరఫోళ్లు వస్తరు, మిర్చిలు తింటరు, చాయ్ తాగుతరు. "పిల్లగాడు ఎవుసం చేస్తడా? రైతే రాజు గదా! ఇంటికి పోయి ఫోన్ చేస్తం" అంటరు. రాజుకు ఇయ్యాల్టిదాంక ఫోన్ రాలే. లోన్‌కు పోతే ఇంకో తీరు: "సోమవారం రా". ఏ సోమవారమో చెప్పరు.

ఇంగ్లీషుల నువ్వు లాటిన్ నుంచి వచ్చినవట, ఎనకకు విసిరేసుడు అని అర్థం. విసిరేస్తే దెబ్బన్న తెలుస్తది. తెలుగుల నీ పేరు తిరస్కరణ. 'తిరస్' అంటే కనబడకుంట, మరుగున. సంస్కృతంల తెరను తిరస్కరిణి అంటరు. మావోళ్లకు ఈ అర్థమే బాగ వంటబట్టింది.

తెర ఎనక పడుడంటే ఏందో మా జిల్లాను అడుగు. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంకర పోతుంటె ఏండ్లకేండ్లు "చూస్తం" అన్నరు. "ఇయ్యం" అన్నోడు లేడు, ఇచ్చినోడు లేడు. ఓపిక సచ్చి 1996ల నల్లగొండ లోక్‌సభ సీటుకు 480 మంది నిలబడ్డరు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయి పోలింగే ఎనకకు జరిగె. అప్పుడు గని దిల్లీ కదలలే. అదే ఏడు డిపాజిట్‌ను 500 నుంచి 10,000 చేసింది. మా ఒక్కలను జూసే కాదనుకో. నీళ్లకు పట్టినంత టైం దానికి పట్టలే.

రేపు మళ్ల వడ్లు ఆరబోస్తున్న. మిషన్ కాడ నువ్వొచ్చినా ఏమనుకోను. గని ఆ సంబంధపోళ్ల నోట్లెకు ఒక్కసారి పోయి రా దొరా. పిల్లగాడు ఫోన్ ఛార్జింగ్ పెట్టి ఆ వైర్ కాడనే కూసుంటుండు.

ఇట్లు,
19 శాతంగాడు