మేడ మీది వాటాలో ఉంటున్న మెదడు గారికి

మహారాజశ్రీ మెదడు గారికి, ఇంటి ఓనరు వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, రాత్రి రెండు దాటినా మీరు పడుకోనివ్వడం లేదు. కాబట్టి సగం కుశలమే.

ముందు అద్దె సంగతి. మీ బరువు కిలోన్నరలోపే, నా ఒంట్లో నూటికి రెండు వంతులు. తిండి దగ్గర మాత్రం నూటికి ఇరవై. అయిదు ఇడ్లీలు తింటే ఒకటి నేరుగా పైకే. పోనీ పని చేసిన రోజు తిన్నారంటే సరే, సోఫాలో పడి గోడ చూస్తూ కూర్చున్నా మీ మీటరు దాదాపు అంతే తిరుగుతుంది. మెదడులో పదిశాతమే వాడుతున్నాం అని ఎవరో పుట్టించారు. నిజమైతే మిగతా గదులు అద్దెకిచ్చుకునేవాణ్ణి. లోకంలో అందరూ ‘నా బుర్ర తినకు’ అని ఎదుటివాళ్ళ మీద విసుక్కుంటారు. మా ఇంట్లో బుర్రే నన్ను తింటోంది.

ఇంత తినేవాళ్ళు దేంట్లోనో ఒకదాంట్లో గొప్పవాళ్ళై ఉండాలి కదా అని వాకబు చేశాను. బరువులో కాదు. ఏనుగు మెదడు నాలుగున్నర, అయిదు కిలోలు తూగుతుంది. స్పెర్మ్ తిమింగలానిది ఎనిమిదికి దగ్గర. పోనీ కణాల లెక్కలో? చాలాకాలం పదివేల కోట్ల నాడీకణాలని గుండుగుత్తగా చెప్పుకున్నారు. బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హుజెల్‌కి ఆ అంకె మీద నమ్మకం కుదరలేదు. మెదడుని డిటర్జెంటులో కరిగించి చారు చేశారావిడ. కణాలు కరిగిపోయి వాటి కేంద్రకాలు మాత్రం, కణానికొకటి చొప్పున, తేలుతుంటాయి. బాగా కలిపి, కాస్త తీసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడమే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూసినట్టు. 2009లో తేలిన లెక్క 8,600 కోట్లు. లెక్కపెట్టింది కూడా మీ జాతే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే కాబోలు.

తర్వాత ఏనుగు మెదడునీ అలాగే చారు కాచారు. 25,700 కోట్లు! మీకు మూడు రెట్లు. మీ పరువు పోయిందనే అనుకున్నాను. తీరా చూస్తే అందులో నూటికి దాదాపు 98 చిన్నమెదడులోనే ఉన్నాయి. ఆలోచనకు ఆయువుపట్టైన పైపొరలో 560 కోట్లే. మీ పైపొరలో సుమారు 1,600 కోట్లు. అక్కడ గట్టెక్కారు. కానీ కట్టుబడి చూసి మురిసిపోకండి. కొత్త ప్లానేం కాదట, కోతులదే. చదరపు గజాలు ఎక్కువ, అంతే.

ఆ కోతుల చుట్టాల్లోనే అయుము అనే చింపాంజీ ఉంది, జపాన్‌లో, క్యోటో విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రంలో. తెర మీద అయిదు అంకెలు సెకనులో అయిదో వంతు సేపు మెరిసి మాయమైతే, ఏది ఎక్కడుందో వరసగా వేలుపెట్టి చూపించింది. అదే పరీక్షలో కాలేజీ పిల్లలు వెనకబడ్డారని 2007లో ప్రకటించారు. దానికి ప్రాక్టీసు ఎక్కువలెండి అని తర్వాత కొందరు మన పరువు కాపాడారు. సరే, మన సంగతి? నిన్న కరెంటు బిల్లు కడుతుంటే ఆరంకెల ఓటీపీ వచ్చింది. మెసేజ్ చూసి, పైకి రెండుసార్లు చదివి, ఆ పేజీలోంచి ఈ పేజీలోకి వచ్చేసరికి నా చేతిలో నాలుగంకెలే మిగిలాయి. మిగతా రెండూ దారిలో మీరేం చేశారు?

ఒక్కచోట మాత్రం మీకు దండం పెట్టాలి. మా అమ్మ ఎండాకాలంలో ఆవకాయ పెట్టేది. దాచుకోవడం చీమకీ తెలుసు, ఉడతకీ తెలుసు. కానీ మా అమ్మ ముక్కలు తుడుస్తూ తుడుస్తూ ఆగి, “అమెరికాలో పెద్దాడు ఈమధ్య కారం తినలేకపోతున్నాడు, వాడికి వేరే జాడీ” అనేది. చేతిలో ఉన్నది మే నెల మామిడికాయ. కళ్ళముందున్నది డిసెంబరులో, డాలస్‌లో, ఇంకొకరి నాలుక. లేని కాలానికి, కనిపించని ఊరికి, తనది కాని నోటికి కారం కొలిచి వేయడం! ‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అన్నారు గానీ, పక్కవాడి జిహ్వ మన పుర్రెలో దూరుతుందని ఎవరూ చెప్పలేదు.

అదే మిషను రాత్రి రెండింటికి నాకేం వేసి చూపిస్తోంది? పధ్నాలుగేళ్ళ కింద తణుకులో ఒక పెళ్ళి. బంతిలో పక్కన కూర్చున్నావిణ్ణి “మీ అబ్బాయి ఏం చదువుతున్నాడండీ?” అని అడిగాను. ఆవిడ పక్కనున్నాయన కొడుకు కాదు, భర్త. ఆయన విస్తట్లో సగం కొరికిన బూరె, ఆవిడ సర్దుకున్న పమిట, ఎవరో వెనక కిసుక్కున నవ్వడం, అన్నీ ఉన్నాయి మీ దగ్గర. ఓటీపీలో రెండంకెలు లేవు.

మా గేటు ముందు కుక్కకి పైపొరలో సుమారు 53 కోట్ల కణాలు. సాయంత్రం ఎదురింటావిడ దాని మీద బకెట్ నీళ్ళు కుమ్మరించింది. పది నిమిషాలకి ఆవిడ వెనకే తోకాడించుకుంటూ వెళ్ళింది. ఇప్పుడు గుర్రు పెడుతోంది, ఇక్కడికి వినిపిస్తోంది.

ఇంకొక్క మాట. మీరింత పెరగడానికి పొయ్యే కారణమని హార్వర్డ్‌లో ప్రొఫెసర్‌గా పనిచేసిన రిచర్డ్ రాంగమ్ వాదన. పచ్చిది నమిలితే మీ ఆకలి తీరేది కాదట, వండుకోబట్టే మీకింత మేత దొరికిందట. అందుకేనా ఇప్పుడే “గ్యాస్ కట్టేశావా?” అని అడిగారు? వెళ్ళి చూసొస్తాను. ఎలాగూ లేచాను గనక డబ్బాలో అరిసె ఒకటి తింటాను. అయిదో వంతు మీదే.

ఇట్లు,
మిమ్మల్ని మోస్తున్న ఓనరు

తా.క.: గ్యాస్ కట్టేసే ఉంది. రెగ్యులేటర్ కూడా. వచ్చి దుప్పటి కప్పుకున్నాక అడుగుతున్నారు, గేటు తాళం సంగతి.