టీవీ ముందు కూసున్నోళ్లను ఏమని పిలవాలె?

ఒక ఛానల్ల యాంకర్ "వీక్షకులకు నమస్కారం" అంటది, ఇంకోదాంట్ల "ప్రేక్షకులు", యూట్యూబ్ వాళ్లకైతే "వ్యూయర్స్". ఏది కరెక్ట్ అని కొట్లాడుడు దండగ, రెండింటికీ ధాతువు ఈక్ష్, అంటే చూసుడే, ముంగట 'ప్ర' చేరితే ప్రేక్షకుడు, 'వి' చేరితే వీక్షకుడు. వ్యాకరణం లెక్కన రెండూ ఒప్పే.

నా పంచాయితీ వాడుకతోని. నాట్యశాస్త్రంల నాటకం ఆడే తావును ప్రేక్షాగృహం అన్నరు, అంత గొప్ప మాట ఇయ్యాల పేపర్ల ఎట్ల వస్తుంది? "అధికారులు ప్రేక్షక పాత్ర వహించారు" అని. అంటే కండ్ల ముందు అన్యాయం జరుగుతుంటే చేతులు కట్టుకొని నిలబడ్డరని. చూసెటోడంటే ఏం చెయ్యనోడు అనే అర్థం ఆ పదానికి అంటుకుంది, దాంతోనే రోజూ మనల్ని పిలుస్తున్నరు.

మన దగ్గర చూసుడంటే అట్ల ఉండేనా? సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోయి ఒగ్గుకథ కాడ నిలబడి చూడుండ్రి, ఊర్లల్ల చిందు భాగవతం ఆడినప్పుడు చూడుండ్రి, ఎవలన్న పది రూపాయలు కట్నం చదివిస్తే కథ ఆపి మరీ ఆయన పేరు, ఊరి పేరు అందరికీ వినబడేటట్టు చెప్తరు, చూసెటోడు కూడా ఆ ఆటల మనిషే, పేరున్న మనిషి. టీవీకి వచ్చేసరికి మనమందరం కలిసి ఒక రేటింగ్ అంకె అయినం.

ఇంకోటి, బీడీలు చుట్టుకుంట సీరియల్ పెట్టుకునే అమ్మలు మా దిక్కు ఎంతమందో. చూపంతా చేతుల ఉన్న ఆకు మీద, కత్తెర మీద, చెవి టీవీ మీద. ఆమె వీక్షకురాలా, శ్రోతా?

శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అందరికీ తెలిసిన పదం ఒకటి ఉండాలె గదా అంటరు కొందరు. ఉండాలె. "చూస్తున్నవాళ్లు" అంటే అర్థం కాని తెలుగోడు ఎవరు?

అసలు సంగతి ఇక్కడుంది. మన యాసను టీవీ కామెడీకి వాడుకుంటది, పల్లె ముచ్చట్లకు వాడుకుంటది, మర్యాదగా పిలవాల్సి వచ్చేసరికి మాత్రం సంస్కృతం తీస్తది. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవమని ప్రతి ఛానల్ ప్రోగ్రాం చేస్తది, అదే ప్రోగ్రాం "ప్రియమైన వీక్షకులారా" అని మొదలైతది. ఈసారి ఆ ఒక్క పూటన్న "చూస్తున్న అక్కలకు, అన్నలకు, అమ్మలకు, బాపులకు శనార్తి" అని మొదలుపెట్టుండ్రి.