నల్ పెట్టి జీసీ పిలిస్తే సరిపోతుందా?

జావా ఇంటర్వ్యూలకి తయారయ్యే కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఏళ్ళ తరబడి తిరుగుతోంది. అందులో నాలుగు ముక్కలుంటాయి. గార్బేజ్ కలెక్టర్ (జీసీ, వాడని ఆబ్జెక్టుల మెమరీని తనే ఖాళీ చేసేది) ఉంది కాబట్టి జావాలో మెమరీ లీక్, అంటే అక్కర్లేని మెమరీ పేరుకుపోవడం, రాదు. పనైపోయిన ఆబ్జెక్టుకి నల్ (ఏ ఆబ్జెక్టునీ చూపని ఖాళీ విలువ) పెట్టాలి. సిస్టమ్.జీసీ() పిలిస్తే మెమరీ వెంటనే ఖాళీ అవుతుంది. ఫైళ్ళు, కనెక్షన్లు మూసే పని ఫైనలైజ్ (ఆబ్జెక్టుని తీసేసే ముందు జావా పిలిచే మెథడ్) చూసుకుంటుంది. మొన్న మా టీములో కొత్తగా చేరిన అబ్బాయి కూడా ఇవే అప్పజెప్పాడు.

ముందు లీక్ రాదన్న మాట. ఒక ఆబ్జెక్టు మనకి ఇంకా అవసరమా కాదా అన్నది కలెక్టర్‌కి తెలియదు. నడుస్తున్న థ్రెడ్ల స్టాకులు, స్టాటిక్ వేరియబుల్స్ లాంటి చోట్ల మొదలుపెట్టి, రిఫరెన్సులు (ఒక ఆబ్జెక్టు ఎక్కడుందో చూపే లంకెలు) పట్టుకుని వెళ్తే అది దొరుకుతుందా లేదా అన్నదే చూస్తుంది. ఊళ్ళో బందెలదొడ్డి లెక్క కూడా ఇంతే. విచ్చలవిడిగా తిరిగే పశువునే తోలుకుపోతారు. గుంజకి కట్టేసి ఉన్న గేదె పాలివ్వడం మానేసి ఎన్నేళ్ళైనా దాని జోలికి రారు. 1960లో జాన్ మెకార్తీ లిస్ప్ భాష కోసం వివరించిన పద్ధతి నుంచి ఇప్పటి జావా కలెక్టర్ జీ1 దాకా ఈ మూలసూత్రం మారలేదు.

మన కోడ్‌లో ఆ గుంజలు, అంటే వదలని రిఫరెన్సులు, చాలానే ఉంటాయి. పెట్టడమే తప్ప తీయడం లేని స్టాటిక్ హాష్‌మ్యాప్, రిజిస్టర్ చేసి వదిలేసిన లిజనర్, ఆండ్రాయిడ్‌లో స్టాటిక్ ఫీల్డులో దాచిన యాక్టివిటీ (యాప్‌లో ఒక స్క్రీన్). అన్నిటికంటే దొంగది థ్రెడ్‌లోకల్, అంటే ఒక్కో థ్రెడ్‌కి విడిగా వాల్యూ దాచేది. సర్వర్‌లో రిక్వెస్ట్ అయిపోయినా థ్రెడ్ చావదు, పూల్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది. దాంతోపాటు మనం పెట్టిన వాల్యూ కూడా కూర్చుంటుంది. ఫైనల్లీలో రిమూవ్ పిలవాల్సిందే.

నేను పనిచేసిన ఒకచోట రిపోర్టుల అప్లికేషన్ నాలుగైదు రోజులకోసారి నత్తనడక నడిచేది. ఎవరో ఒకరు రీస్టార్ట్ చేసేవాళ్ళు, అందరికీ అదే అలవాటైపోయింది. చివరికి హీప్ (ఆబ్జెక్టులుండే మెమరీ) డంప్, అంటే దాని పూర్తి నకలు, తీసి ఎక్లిప్స్ మెమరీ అనలైజర్‌లో చూస్తే, సెషన్ ఐడీ కీగా పెట్టుకున్న ఒకే ఒక్క మ్యాప్ హీప్‌లో సగానికి పైగా పట్టుకుని ఉంది. డంప్ దాకా పోకుండా కూడా దీన్ని పసిగట్టొచ్చు. ఫుల్ జీసీ (హీప్ మొత్తాన్ని ఊడ్చే జీసీ) అయిన ప్రతిసారీ మిగిలే మెమరీ ముందుకంటే పెరుగుతూ పోతుంటే ఎక్కడో గుంజ ఉన్నట్టే.

నల్ సంగతి పెద్దగా చెప్పేది లేదు. లోకల్ వేరియబుల్‌కి అది దాదాపు ఎప్పుడూ అనవసరం. మెథడ్ ముగిస్తే రిఫరెన్స్ ఎలాగూ పోతుంది. హాట్‌స్పాట్ (జావా కోడ్ నడిపే జేవీఎంలలో ఒకటి) కంపైల్ చేసిన కోడ్‌లో అయితే చివరిసారి వాడాక దాన్ని లెక్కలోకే తీసుకోదు. అర్రేతో సొంతంగా స్టాక్ రాసుకున్నప్పుడు మాత్రం తీసేసిన గడిలో నల్ పెట్టాలి. అర్రేలిస్ట్ సోర్స్ తెరిచి చూడండి, రిమూవ్‌లో వాళ్ళు చేసింది అదే.

సిస్టమ్.జీసీ() ఆజ్ఞ కాదు, విన్నపం. డిజేబుల్‌ఎక్స్‌ప్లిసిట్‌జీసీ ఆప్షన్ పెడితే జేవీఎం దాన్ని పట్టించుకోదు. పట్టించుకుంటే ఇంకా నష్టం, ఎందుకంటే జీ1లో కూడా మామూలుగా అది ఫుల్ జీసీ చేయిస్తుంది, అంతసేపూ అప్లికేషన్ థ్రెడ్లన్నీ ఆగిపోతాయి. లూప్‌లో పెట్టి పిలిచిన కోడ్ నేను చూశాను. రాసినాయన దాన్ని ఆప్టిమైజేషన్ అనే అన్నాడు! ఇంతా చేసి, కట్టేసిన గేదె వందసార్లు పిలిచినా కదలదు.

ఇక ఫైనలైజ్. నిజంగా కొంప ముంచేది ఇదే. అది ఎప్పుడు నడుస్తుందో, అసలు నడుస్తుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేదు. 2017లో జావా 9 దాన్ని వాడొద్దంది, 2022లో జావా 18 తీసేయబోయే జాబితాలో పెట్టింది. అసలు చిక్కు ఇంకోటుంది. జీసీ కదిలేది హీప్ నిండుతున్నప్పుడు. డేటాబేస్ కనెక్షన్ హీప్‌లో పట్టే చోటు కాస్తే. 4 జీబీ హీప్ సగం ఖాళీగా ఉండగానే కనెక్షన్లు అయిపోవచ్చు. కనెక్షన్లని తెరిచి ఉంచి అడిగినవాళ్ళకి అరువిచ్చే హికారీ పూల్‌కి డిఫాల్ట్‌గా ఉండేవి 10. పది చోట్ల క్లోజ్ మర్చిపోతే పదకొండోవాడు 30 సెకన్లు ఎదురుచూసి ఎక్సెప్షన్ తింటాడు. ఆ కనెక్షన్లని ఆ పూల్ పట్టుకునే ఉంటుంది కాబట్టి కలెక్టర్ వాటిని ముట్టుకోనే ముట్టుకోదు. టెన్షన్ అంతా మనకే.

2011లో వచ్చిన జావా 7 నుంచి ట్రై-విత్-రిసోర్సెస్ ఉంది. ఎక్సెప్షన్ వచ్చినా సరే, తెరిచిన వాటిని వెనక నుంచి ముందుకి వరుసగా మూస్తుంది. సీషార్ప్‌లో యూజింగ్, పైథాన్‌లో విత్ ఇందుకే ఉన్నాయి. ఫైనలైజ్ బదులు జావా 9లో వచ్చిన క్లీనర్ వాడొచ్చు కదా అని మా టీము అబ్బాయి అడిగాడు. అదీ కలెక్టర్ కదిలితేనే కదులుతుంది. ఎవరైనా క్లోజ్ మర్చిపోతే అడుగున పట్టే వల అది, క్లోజ్‌కి బదులు కాదు.